లారీ డ్రైవరు నిద్ర

పూణె నుండి మచిలీపట్నమునకు పోవు 65వ జాతీయ రహదారి మన ఉయ్యూరి మీదుగా సాగుచున్నది. దానిపై రేయింబవళ్లు పోవు లారీలను పిల్లలు వేడుకతో చూచెదరు గాని, వానిని నడపువాని ఎఱ్ఱబడిన కన్నులను చూచువారు అరుదు. బెజవాడ లారీలకు పేరుగన్న పట్టణము. అచ్చటి ఆటోనగరులో బండికి కావలసిన వైద్యమంతయు దొరకును. బండి నడపువానికి విశ్రాంతి యెక్కడ దొరకును?

దూరప్రయాణము చేయు డ్రైవరులలో అనేకులకు నెలజీతము స్వల్పము. ట్రిప్పునకు ఇచ్చు బత్తాయే ముఖ్యాధారము. సరకు ఎత్తువఱకును, దింపువఱకును కాచుకొనియుండు కాలమునకు తఱచుగా కూలి లేదు. కావున నిద్రించిన గంట వానికి నష్టమగుచున్నది. బండి వెనుక 'అతివేగము ప్రమాదకరము' అని వ్రాయించి, త్వరపడినవానికే లాభము కలుగునట్లు కూలి యేర్పఱచుట న్యాయమా?

1961వ సంవత్సరపు మోటారు రవాణా కార్మికుల చట్టము దినమునకు 8 గంటలే పనియనియు, దూరప్రయాణములలో సైతము 10 గంటలు మించరాదనియు విధించెను. కాని సాధారణముగా ఐదుగురికి తక్కువగా పనివారున్న చోట్లకు అది వర్తింపలేదు. ఒకటి రెండు లారీలు గలవారి యొద్ద పనిచేయువారు దాని నీడకు వెలుపలనే యుండిరి. 2025 అక్టోబరు 1 మొదలు తయారగు లారీలలో డ్రైవరు కూర్చుండు చోట శీతలయంత్రము ఉండవలెనను నిబంధన మెచ్చదగినదే; అయినను చల్లగాలి నిద్రకు బదులు కానేరదు.

యజమానులకును వాయిదాల బాధ, డీజిలు ధర, దళారుల కోత కలవు. అది నిజమే. అయినను ఆ భారమును డ్రైవరు నిద్రపై మోపరాదు. ఐరోపా సమాఖ్య 2006లో చేసిన శాసనము ప్రకారము, నాలుగున్నర గంటలు నడిపిన పిమ్మట 45 నిమిషముల విరామము తప్పదు. ప్రమాదమునకు దారితీయునట్లు దూరమును, వేగమును బట్టి కూలి యీయరాదు. మనదేశమందును కాచుకొను కాలముతో సహా గంటల లెక్కన కూలి యీయవలెను. సరకు తెప్పించుకొను వర్తకులును ఆలస్యమునకు కొంత ఓర్చుకొనవలెను.

విద్యార్థులారా, ఈ లెక్క చేయుడు. బెజవాడ నుండి కలకత్తాకు దాదాపు 1200 కిలోమీటర్లు. గంటకు 40 చొప్పున 30 గంటలు. దినమునకు 10 గంటలు నడిపినచో మూడు దినములు. ఒక్క డ్రైవరే రెండు దినములలో చేరినచో, మిగిలిన 10 గంటలు ఎవరి నిద్ర నుండి తీసినవి?