కనుమ నాడు ఎద్దుకున్న సెలవు

ధనుర్మాసం వచ్చిందంటే చాలు, వాకిట్లోకి ముగ్గులు వచ్చినట్టే ఫోన్లోకి సలహాలు వచ్చేస్తాయి. పండగ ఒత్తిడిని జయించే పది మార్గాలు. సంక్రాంతి హడావిడిలో ప్రశాంతంగా ఉండటం ఎలా. గట్టిగా ఊపిరి పీల్చి వదలండి, పది నిమిషాలు ముందు లేచి ధ్యానం చెయ్యండి, గోరువెచ్చటి నీళ్ళు తాగండి, చిరునవ్వు చెదరనివ్వకండి. వీటి మీద ఉండే బొమ్మ ఎప్పుడూ పట్టుచీర కట్టుకున్న ఆడమనిషిదే. పంచె కట్టుకున్న పెద్దమనిషి బొమ్మ వేసి, 'అయ్యా, ఈ మూడు రోజులూ మీరు మనసు ఎలా కుదుటపరచుకోవాలంటే' అని రాసింది నేనింతవరకు చూడలేదు. ఆయనకి ఆ అవసరం ఉందని ఎవరికీ తోచి ఉండదు.

ధ్యానం మీద నాకు కోపమేమీ లేదు. నా కోపమల్లా, ఈ సలహాలన్నీ కలిసి జబ్బు నా మనసులో ఉందని తేల్చెయ్యడం మీద. నా మనసు బాగానే ఉందండీ. ఇబ్బంది ఉన్నది వంటింట్లో. పది నిమిషాలు ముందు లేవమంటే, నాలుగింటికి లేచేదాన్ని మూడూ యాభైకి లేవమనే కదా!

అరిసెల సంగతే తీసుకోండి. ముందు రోజు బియ్యం నానబొయ్యాలి. మర్నాడు వార్చి, తడి ఆరకుండానే పిండి పట్టించి, జల్లించి, ఆ పిండి మీద తడిగుడ్డ కప్పి, అప్పుడు బెల్లం పాకం ఎక్కించాలి. నీళ్ళలో వేసి చూస్తే ఉండ కట్టాలి, అంతకంటే ముదిరితే అరిసె రాయి అవుతుంది, లేతగా ఉంటే నూనెలో విడిపోతుంది. పాకం దించగానే ఒకరు పిండి పోస్తుంటే ఇంకొకరు తెడ్డుతో కలపాలి. చలిమిడి ఆరకముందే ఒకరు వత్తాలి, ఒకరు వేయించాలి, ఒకరు అరిసెల చెక్కల మధ్య నొక్కి నూనె తియ్యాలి. చూశారా, ఈ వంట పుట్టిందే నలుగురి చేతుల కోసం. దాన్ని అపార్టుమెంటులో రెండు బర్నర్ల పొయ్యి ముందు ఒక్క మనిషి చేస్తోంది. ఆమెకి వచ్చే చిరాకుకి ఊపిరి పీల్చి వదలడం మందట.

'మా అమ్మలు, అమ్మమ్మలు చెయ్యలేదా' అంటారు. చేశారు. మా అమ్మమ్మగారిది దివిసీమ. వాళ్ళ వీధిలో ఇవాళ ఒకరింట్లో అరిసెలైతే రేపు ఇంకొకరింట్లో. రోకళ్ళు పట్టుకుని ఇద్దరు దంచితే ఒకరు జల్లించేవారు, పాకం చూసే పెద్దావిడ ఇంకొకావిడ. కబుర్లతో పని తెలిసేది కాదని మా అమ్మ చెప్పేది. తెలిసేది కాదంటే లేదని కాదు, పంచుకునేవాళ్ళు ఉండేవారని. మరో మాట ఎవరూ చెప్పరు. అప్పుడు మగవాళ్ళకీ పండగ పని ఉండేది. కుప్ప నూర్పిళ్ళు, ధాన్యం ఇంటికి చేర్చడం, గడ్డివాము వెయ్యడం, పశువుల్ని కాలవకి తోలుకెళ్ళి కడిగి కొమ్ములకి రంగులెయ్యడం. ఇప్పుడు కోత మిషన్ దిగితే పొలం పని పూటలో తేలిపోతోంది, ధాన్యం కళ్ళంలోనే ట్రాక్టరెక్కుతోంది, పశువుల కొట్టాలు కార్ల షెడ్లయ్యాయి. ఆయన పండగ పని కరిగిపోయింది. నా పండగ పనికి మిక్సీ వచ్చింది, పక్కన నిలబడే ముగ్గురు పోయారు.

లెక్క కావాలనేవారికి లెక్క కూడా ఉంది. 2019లో జాతీయ గణాంక కార్యాలయం దేశమంతా కాలవినియోగ సర్వే చేసింది. జీతం లేని ఇంటిపనికి, ఆ పని చేసే ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు పెడుతుంటే, చేసే మగవాళ్ళు 97 నిమిషాలు పెడుతున్నారు. 'చేసే' అన్నమాట గమనించండి. అసలు రోజులో ఆ పనిలో చెయ్యి పెట్టే మగవాళ్ళు నూటికి 26 మందే, ఆడవాళ్ళు 81 మంది. ఇది పండగ రోజు లెక్క కాదు, మామూలు రోజుది. ఇంటినిండా చుట్టాలున్నప్పటి లెక్క ఎవరైనా తీస్తే చూడాలని ఉంది. పైగా మా బెజవాడలో సంక్రాంతికి పనమ్మాయిలు కూడా ఊరెళతారు. వెళ్ళాలి, పండగ వాళ్ళకీ పండగే. ఆ గిన్నెలు ఎవరి సింకులోకి వస్తాయన్నదే నా ప్రశ్న.

భోగికి ముందు పంతంగి టోల్‌గేటు దగ్గర కార్ల బారు టీవీలో చూపిస్తారు. హైదరాబాదు నుంచి వచ్చేవాళ్ళ అవస్థ నిజమే. ఇల్లు చేరాక 'పాపం, ఇన్ని గంటలు నడుపుకొచ్చాడు, పడుకోనియ్యండి' అంటారు. మరి అదే కారులో పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకుని వచ్చిన కోడలు దిగీ దిగగానే కొంగు దోపి వంటింట్లోకి నడుస్తుంది. ఆవిణ్ణి పాపం అన్నవాళ్ళని చూపించండి.

2022 సంక్రాంతికి నరసాపురంలో కాబోయే అల్లుడికి 365 రకాలు వడ్డించారని పేపర్లన్నీ రాశాయి. వాళ్ళ ముచ్చట వాళ్ళది, నేనెవర్ని కాదనడానికి. ఎన్ని రకాలో లెక్కపెట్టి రాశారు గానీ, ఆ పూట ఎన్ని గిన్నెలు తోమారో నేను చదివిన ఏ వార్తలోనూ లేదు.

నాకు అన్నిటికంటే వింతగా తోచేది కనుమ. కనుమ నాడు కాకైనా కదలదంటారు. ప్రయాణాలు కట్టెయ్యమని, ఇంటిపట్టున ఉండమని. ఏడాదంతా చాకిరీ చేసిన ఎద్దుకి ఆ రోజు కాడి ఎత్తరు, పైగా పసుపు రాసి, బొట్టు పెట్టి, దండ వేసి మేత పెడతారు. మన పెద్దవాళ్ళకి విశ్రాంతి విలువ తెలియదని ఎవరనగలరు? పండగలోనే దానికి ఒక రోజు రాసిపెట్టారు. కానీ కనుమ నాడు మినుము తినాలి కదా. కాబట్టి కాకి కదలని రోజున, ఎద్దు పడుకున్న రోజున, ఇంటావిడ తెల్లవారుఝామునే లేచి నానిన పప్పు రుబ్బుతుంది. గారెలు వేడివేడిగా ఉండాలి, వాయి తరవాత వాయి. కూరా ఉంది. చివరి వాయి తన కంచంలోకి వచ్చేసరికి మూడవుతుంది.

'నిన్నెవరు చెయ్యమన్నారు, కొనుక్కొస్తే పోలా' అంటారు ఉదారంగా. నేను కొంటున్నాను కూడా. మా వీధి చివర ఒకావిడ ఆర్డర్ల మీద అరిసెలు, జంతికలు చేస్తుంది, ముగ్గురు ఆడవాళ్ళని కూలికి పెట్టుకుని. అడిగిన ధర బేరం లేకుండా ఇస్తాను, ఆ పని ఎంతదో తెలుసు కాబట్టి. అయితే కొన్నవి డబ్బాలో పెట్టగానే 'ఇంట్లో చేసిన రుచి రాదులే' అనే మాట మొదట వచ్చేది, ఎవరు చెయ్యమన్నారన్న నోటి నుంచే. పైగా కొనడంతో తీరేది చేతి పని. ఎవరికి చీర, ఎవరికి పంచె, పిల్లల్లో ఎవరికి పాలు పడవు, మామయ్యగారికి షుగరు, పేరంటానికి ఎంతమంది, భోగిపళ్ళకి చిల్లర తెచ్చామా లేదా, ఇదంతా ఏ కొట్లోనూ అమ్మరు.

ఆడపడుచుల మీదకి నెట్టేవాళ్ళూ ఉన్నారు. 'నీ ఆడపడుచు వచ్చి కూర్చుంటుంది కదా, ఆమెనడుగు.' అడగను. ఏడాదికి మూడు రోజులు ఆమె పుట్టింట్లో కాళ్ళు చాపుకుంటే నేను ఓర్చుకోలేనా? అత్తవారింట్లో ఆమె కూడా నాలాగే నిలబడుతుంది. ఆ ఇంట్లోనూ ఈ ఇంట్లోనూ కూర్చునే ఉండేవాళ్ళు వేరే ఉన్నారు, వాళ్ళనడగండి.

రెండేళ్ళుగా మా ఇంట్లో ఫ్రిజ్ మీద కాగితం ఉంటోంది. పని, పక్కన పేరు. గిన్నెలు మా అబ్బాయివీ వాళ్ళ బాబాయివీ. కనుమ గారెలు మావారివి. మొదటి ఏడు చిల్లు కుదరక అన్నీ వడలే వచ్చాయి, తిన్నాం. పోయినేడు కుదిరింది. మా అత్తగారు మొదట మూతి ముడిచారు, 'మగపిల్లాడి చేత నూనె మూకుడు దగ్గరా' అని. తరవాత కుర్చీ గుమ్మం దగ్గరికి లాక్కుని కూర్చుని, 'మంట తగ్గించరా' అని చెబుతూ వేడి గారె ఒకటి తిన్నారు. ఇన్నేళ్ళలో మొదటి వాయి తన చేతికి రావడం అదే మొదటిసారి అన్నారు.

ఆ కాగితం రాయడం మాత్రం ఇంకా నా దగ్గరే ఉంది, గుర్తుపెట్టుకోవడమూ నాదే. ఈ ఏడు దాన్ని కూడా మావారినే రాయమన్నాను. సరుకుల దగ్గర ఆగిపోయి, నువ్వులు ఎంత కావాలని అడిగారు. పోయినేడు ఎంత తెచ్చామో కొట్టుకి ఫోన్ చేసి కనుక్కోండి అన్నాను. చేశారు.