లెక్క తేడా వస్తే చెరపొద్దు



లోలకం ప్రయోగంలో మీటరు దారానికి 20 ఊపులకి నాకు 38 సెకన్లు వచ్చింది. 40 రావాలని పక్కవాళ్లు అన్నారు. వెంటనే రబ్బరుతో చెరిపి 40 వేసేశాను. అలా చెయ్యకూడదని ఇప్పుడు నా అభిప్రాయం. ఎందుకో చెప్తాను.

పరమాణువు మధ్యలో కేంద్రకం, అందులో ప్రోటాన్లు, న్యూట్రాన్లు ఉంటాయని చదువుకున్నాం. కార్బన్-13లో 6 ప్రోటాన్లు, 7 న్యూట్రాన్లు. నైట్రోజన్-13లో 7 ప్రోటాన్లు, 6 న్యూట్రాన్లు. అద్దంలో కుడిచెయ్యి ఎడమచెయ్యి అయినట్టు అంకెలు తారుమారయ్యాయి. వీటిని దర్పణ కేంద్రకాలు అంటారు. కేంద్రకాన్ని పట్టి ఉంచే బలానికి ప్రోటాన్ అయినా న్యూట్రాన్ అయినా దాదాపు ఒకటే. అందుకని రెండింటి శక్తిస్థాయిలు నిచ్చెన మెట్ల లాగా సమానంగా ఉండాలి.

కాని కొలిస్తే, నేల మీది నుంచి మొదటి మెట్టు కార్బన్‌లో 3.09, నైట్రోజన్‌లో 2.37 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల ఎత్తులో ఉంది. కొలిచినవాళ్ల తప్పు కాదు. ప్రోటాన్లకి ఆవేశం ఉంది కదా, ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. ఆ మెట్టు మీద చివరి ప్రోటాన్ మిగతావాటికి దూరంగా తిరుగుతుంది. నెట్టుడు తగ్గి మెట్టు కిందికి దిగుతుంది. ఈ సంగతి మనకి చెప్పింది ఆ తేడాయే.

ఇంకొకటి. స్ట్రాన్షియం-73లో 38 ప్రోటాన్లు, 35 న్యూట్రాన్లు. దాని అద్దం బ్రోమిన్-73. అన్నిటికన్నా కింది స్థాయిలో రెండింటి స్పిన్ ఒకటే ఉండాలి. బ్రోమిన్‌కి 1/2, స్ట్రాన్షియంకి 5/2 అని అమెరికాలో తేల్చి 2020లో ప్రకటించారు. వాళ్లు కూడా నాలాగ రబ్బరు తీసుంటే?

ఇది పరాయి దేశాల చదువు అనుకోవద్దు. మన పెదపారుపూడి నుంచి భీమవరం వైపు వెళ్తే గొరగనమూడి ఉంది. అక్కడ 1896లో పుట్టిన స్వామి జ్ఞానానంద ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కేంద్రక భౌతికశాస్త్రాన్ని నిలబెట్టారు.

మార్కులు పోతాయని మన భయం. ఇంట్లో అడగడానికి చదివినవాళ్లు లేనివాళ్లం, పుస్తకంలో ఉన్నదే రాసేస్తాం. నేను ప్రయోగం మళ్లీ చేసి చూశాను. గుండు వదిలేటప్పుడే "ఒకటి" అని లెక్క మొదలుపెట్టానట! అయినవి 19 ఊపులే. తప్పు నాదే. కాని చెరిపేసి ఊరుకుంటే అదీ తెలిసేది కాదు.

అందుకని వచ్చిందే రాద్దాం, పక్కన కారణం రాద్దాం. అలా రాసినవాళ్లకి టీచర్లు మార్కులు వెయ్యాలని నా కోరిక.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని