పని పోయినప్పుడు ఖద్దామాకి ఏమిస్తారు?

మా రాయచోటి పక్క పల్లెల్లో కువైట్ నుంచి ఆడమనిషి ఇంటికొస్తే ఊరు రెండు ప్రశ్నలు అడుగుతుంది. మొదటిది "ఎప్పుడొచ్చినావు?" రెండోది "మళ్ళా ఎప్పుడు పోతావు?" రెండింటి మధ్యా మంచినీళ్ళు తాగేంత వ్యవధి కూడా వుండదు. 2020 జూన్‌లో మా చిన్నమ్మ వచ్చినప్పుడు ఆ రెండో ప్రశ్న నేనే అడిగాను. ఆమె నా వైపు అదోలా చూసి "యాడికి పోయేది? పనే పాయె" అంది.

అంతకు కొద్ది నెలల ముందు బెంగుళూరులో మా తమ్ముడి కంపెనీ ఉద్యోగం పోయింది. ఇల్లంతా గొంతు తగ్గించి మాట్లాడింది. కంపెనీ మూడు నెలల జీతం ఇచ్చి పంపింది కాబట్టి ఇంకోటి వెతుక్కునే దాకా ఫర్వాలేదని ధైర్యం చెప్పుకున్నాం. చిన్నమ్మ పని పోయినప్పుడు మాత్రం మా వాళ్ళన్న మాట "పోనీలే, ఇంటికొచ్చింది" అని. పద్నాలుగేళ్ళు ఆమె జీతంతో కొడుకు ఇల్లు కట్టాడు, ఇద్దరు కూతుళ్ళ పెళ్ళిళ్ళు జరిగాయి. అయినా అది ఉద్యోగం కాదు, "కువైట్‌కు పోవడం". ఉద్యోగమే కానప్పుడు నిరుద్యోగం ఎక్కడి నుంచి వస్తుంది?

ఖద్దామా అంటే అరబ్బీలో పనిమనిషి. రాయచోటి, రాజంపేట, పుల్లంపేట, చిట్వేలు, కోడూరు వైపు ఈ మాట తెలియని ఇల్లు లేదు. చిన్నమ్మ 2006లో వెళ్ళింది. మంచాన పడ్డ ఒక ముసలామెకి తినిపించడం, కడగడం, తిప్పి పడుకోబెట్టడం ఆమె పని. 2020 ఫిబ్రవరిలో ముసలామె చనిపోయింది. నలభై రోజులు గడవకుండానే ఇంటివాళ్ళు ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుని పొమ్మన్నారు. పని పోయిన రోజే పడక పోయింది, తిండి పోయింది, కొద్ది రోజుల్లో అకామా కూడా పోయింది. ఫర్వానియాలో మనవాళ్ళ గదిలో తలదాచుకుంటే, పారిపోయిందని ఆ కఫీలే కేసు పెట్టాడు. ఏప్రిల్‌లో కువైట్ ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించింది. క్యాంపులో వారాల తరబడి వుండి విమానమెక్కింది. క్షమాభిక్ష! చేసిన నేరమేమిటో ఆమెకి ఇప్పటికీ తెలీదు.

ఇప్పుడు చట్టాల సంగతి చూద్దాం. కువైట్ 2013లో నిరుద్యోగ బీమా చట్టం చేసుకుంది. అది కువైటీ పౌరులకే. పొరుగున బహ్రెయిన్ 2006లోనే చేసిన చట్టంలో విదేశీ కార్మికుల్ని కూడా కలుపుకుంది, గల్ఫ్‌లో అది మొదటి అడుగు. ఎమిరేట్స్‌లో 2023 జనవరి 1 నుంచి అమలవుతున్న పథకం ఇంకా విశాలమైందని చెప్తారు. మూలజీతం 16,000 దిర్హమ్‌ల లోపున్నవాళ్ళు నెలకి 5 దిర్హమ్‌లు కట్టాలి. పన్నెండు నెలలు వరసగా కట్టాక పని పోతే, మూలజీతంలో 60 శాతం మూడు నెలల దాకా ఇస్తారు. పౌరులకీ, బయటి నుంచి వచ్చినవాళ్ళకీ ఒకటే నియమం. దుబాయిలో పనిచేసే మా మేనమామ కొడుకు ఇవన్నీ గొప్పగా చెప్తుంటే చిన్నమ్మ ఆపి, "ఇండ్లల్లో పంజేసేవాళ్ళకు గూడా ఇస్తారా?" అని అడిగింది.

ఇవ్వరు. ఎమిరేట్స్ చట్టం పెట్టుబడిదారుల్నీ, పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళనీ, పింఛను తీసుకుంటూ కొత్త పనిలో చేరినవాళ్ళనీ, తాత్కాలిక ఒప్పందం మీద వున్నవాళ్ళనీ, ఇంటిపనివాళ్ళనీ పక్కన పెట్టింది. బహ్రెయిన్ కూడా ఇంటిపనివాళ్ళని మినహాయించింది. విదేశీయుడన్న గోడని దాటి వచ్చిన చట్టం కూడా వంటింటి గడప దగ్గర ఆగిపోయింది. కాబట్టి మనవాళ్ళు పరాయి దేశం వివక్ష అని వాపోతే సగమే నిజం. కడప మగవాడు దుబాయిలో పరాయివాడుగా వుండి కూడా ఆ 60 శాతం తీసుకోగలడు. పక్కవీధి ఇంట్లో వంటచేసే అతని చెల్లెలు తీసుకోలేదు.

ఇల్లు పనిస్థలం కాదు, అక్కడ ఎవరు మానేశారో ఎవరు మాన్పించారో తేల్చలేం అంటారు. ఎంత వింత! వీసా కొట్టడానికి ఆ ఇంటి చిరునామా దొరుకుతుంది. వైద్య పరీక్షకి, అకామా ఫీజుకి దొరుకుతుంది. పారిపోయిందని ఫిర్యాదు చేసినప్పుడు పోలీసుకి కూడా దొరుకుతుంది. నెలకి ఐదు దిర్హమ్‌లు వసూలు చేయాల్సి వచ్చినప్పుడే ఆ ఇల్లు మాయమైపోతుందా? పైగా ఎమిరేట్స్ పథకంలో 'పారిపోయిన' ఫిర్యాదు వున్నవాళ్ళు పరిహారానికి అర్హులు కారు. రేపు ఇంటిపనివాళ్ళని చేర్చినా ఆ ఒక్క షరతు చాలు, మా చిన్నమ్మని మళ్ళీ బయటికి నెట్టడానికి. ఫిర్యాదు చేసేది యజమాని, ఆ సంగతి తనకి తెలిసేది విమానాశ్రయంలో.

ఇదంతా అసాధ్యం అనేవాళ్ళకి 1990 గుర్తు చేయాలి. ఇరాక్ కువైట్‌ని ఆక్రమించినప్పుడు లక్షన్నరకి పైగా భారతీయులు ఉన్నపళంగా తిరిగొచ్చారు. 1991లో ఐక్యరాజ్యసమితి నష్టపరిహార కమిషన్ పెట్టింది. దేశం విడిచి రావలసి వచ్చినందుకే మనిషికి 2,500 లేక 4,000 డాలర్లు ఖాయంగా ఇచ్చారు. పోయిన జీతాలకి వేరే దరఖాస్తు. పౌరసత్వం చూడలేదు. డబ్బు ఇరాక్ చమురు ఆదాయం నుంచి తీశారు, ఆఖరి చెల్లింపు 2022 జనవరిలో ముగిసింది. పరాయి దేశంలో పని పోయిన మనిషికి లెక్కకట్టి డబ్బివ్వడం ప్రపంచానికి తెలియని విద్యేం కాదన్నమాట. మా ఊళ్ళో టైలరు ఒకాయన ఆ డబ్బుతోనే మిషన్లు కొనుక్కున్నాడు. అదే విమానంలో వచ్చిన ఇంటిపనామె దరఖాస్తే పెట్టలేదు. పాస్‌పోర్టు కఫీల్ బీరువాలో వుండిపోయింది, చదివి చెప్పేవాళ్ళు లేరు.

మన ప్రభుత్వం తక్కువ తినలేదు. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద ప్రమాదంలో చనిపోతే, శాశ్వతంగా వికలాంగులైతే పది లక్షలు. తన తప్పు లేకుండా మధ్యలో పని పోతే విమానం టికెట్టు. ఆ తర్వాత? ఊరికొచ్చిన మర్నాటి నుంచీ ఆమె ఎవరికీ పట్టదు. 2014లో ఒక మంచి పని జరిగింది. ఇంటిపనికి ఆడవాళ్ళని తీసుకునే యజమాని 2,500 డాలర్ల బ్యాంకు గ్యారంటీ చూపాలన్నారు. యజమాని జీతం ఎగ్గొడితే ఆ సొమ్ము ఆసరా. కువైట్ ఒప్పుకోలేదు. 2017లో కువైట్ విషయంలో మనమే ఎత్తేశాం. ఆడవాళ్ళ భద్రత పేరుతో ముప్ఫై యేళ్ళు నిండాలన్న నిబంధన మాత్రం ఎత్తేయలేదు. ఆమె వయసు మీద ఆంక్ష నిలబడింది, యజమాని డబ్బు మీద ఆంక్ష నిలబడలేదు.

నేను పనిచేసేది కర్నూల్లో. కోసిగి, ఆదోని వైపు ఇళ్ళకి తాళాలేసి పిల్లాజెల్లాతో గుంటూరు మిరపకోతలకి సుగ్గికి పోతారు. అక్కడ ఇల్లంతా కదులుతుంది. మా కడప వైపు ఇల్లు కదలకుండా ఆడమనిషి ఒక్కతే కదులుతుంది. ఉపాధి హామీ చట్టం 2006 ఫిబ్రవరి 2న మన సీమలోనే, అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. పని అడిగిన పదిహేను రోజుల్లో ఇవ్వకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలని ఆ చట్టంలో వుంది. మా మండలంలో ఆ భృతి ఎవరికైనా ముట్టినట్టు నేను వినలేదు, అది వేరే కథ. వంద రోజులు ఇంటికి, మనిషికి కాదు. 2025లో పార్లమెంటు దాని స్థానంలో తెచ్చిన చట్టం వందని 125 చేసింది కానీ లెక్క ఇంటిదే. చిన్నమ్మ వెళ్ళి అడిగితే జాబ్ కార్డులో ఆమె పేరే లేదు. వున్న రోజులన్నీ కొడుకూ కోడలూ చేసేశారు. కువైట్‌లో ఇంటిపని మనిషి కాబట్టి కార్మికురాలు కాలేదు. ఇక్కడ ఇంట్లో మనిషి కాబట్టి కూలీ కూడా కాలేదు.

ఇంటిచాకిరీకి విలువ కట్టాలని మనం ఇలాంటి పేజీల్లో చాలా రాశాం. అది మన చాకిరీ గురించి. 2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటిపనివాళ్ళ కోసం 189వ ఒడంబడిక చేసింది. సాంఘిక భద్రతలో వాళ్ళకి తక్కిన కార్మికుల కన్నా తక్కువ చేయకూడదని అందులో వుంది. భారత్ అనుకూలంగా ఓటేసి, ఇంతవరకూ ఆమోదించలేదు. దాని మీద మనమెంత గొడవ చేశాం? 2020 ఏప్రిల్‌లో మా ఇంట్లో పనిచేసే ఆమెని రావొద్దని నేనే చెప్పాను. సగం జీతం ఇచ్చి, ఇచ్చానని సంతోషపడ్డాను. నాది పూర్తి జీతం వస్తూనే వుంది. ఈ వ్యాసం రాసే అర్హత నాకు ఎంత వుందో ఆ సగం దగ్గరే తెలిసిపోతుంది. అయినా రాస్తాను.

అడగాల్సింది పెద్దదేమీ కాదు. అకామా కొట్టించేటప్పుడు ఫీజుతోపాటే యజమాని నిరుద్యోగ బీమా కట్టాలి, ఆమె జీతంలో కోయకూడదు. ఒప్పందం మీద సంతకం చేసే ముందు మన ప్రభుత్వం ఈ షరతు పెట్టాలి. 2021లో ఇంటిపనివాళ్ళ గురించి కువైట్‌తో ఒప్పందం చేసుకున్నప్పుడు అడగగలిగే వీలు వుండింది. 'పారిపోయిన' ఫిర్యాదు మీద ఆమె మాట వినకుండా పరిహారం ఆపకూడదు. ఎమిరేట్స్ పథకంలో దేశం వదిలితే డబ్బు ఆగిపోతుంది. పనితోపాటే గూడు పోయే మనిషికి ఆ నియమం చెల్లదు. ఆ మూడు నెలల డబ్బు ఊరికొచ్చాక, తన పేరున్న ఖాతాలో పడాలి. కొడుకు ఖాతాలో కాదు.

చిన్నమ్మ దగ్గర అప్పట్లో సంతకం పెట్టించుకున్న కాగితం నకలు వుంది. పోయినేడు రాయచోటిలో అరబ్బీ వచ్చిన ఒక హజరత్ దగ్గరికి తీసుకెళ్ళి చదివించాం. కువైట్ 2015లో చేసిన ఇంటిపనివాళ్ళ చట్టం ప్రకారం పని ముగిసినప్పుడు ఏడాదికి ఒక నెల జీతం చొప్పున రావాలి. నాకు తెలిసి ఆమెకి పైసా రాలేదు. ఆయన కళ్ళజోడు సవరించుకుని చదివి, "రావలసినవన్నీ ముట్టినాయి, ఇంక ఎవరి మీదా ఏ హక్కూ లేదు, అని రాసిందమ్మా" అన్నాడు. చిన్నమ్మ కాగితం మళ్ళీ నాలుగు మడతలు పెట్టి రవికెలో దోపుకుంది. బస్సెక్కాక అడిగింది, "అరవై దాటినోళ్ళకు వీసా ఇస్తారో లేదో ఆ ఏజెంటును కనుక్కుంటావా? ఇంకా ఐదారేండ్లుంది గదా నాకు."