ఎర్రగడ్డకు అరమార్కు

ధనుర్మాసం వచ్చిందంటే, సంచీ పట్టుకుని బయటికి వెళ్ళిన ప్రతివాడూ అనపకాయలతోనే ఇంటికి తిరిగి రావాలని మా కుప్పంలో ఒక అలిఖిత శాసనం ఉంది. నేనూ ఆ శాసనానికి బద్ధుణ్ణే. ఆనాడు పొద్దున్నే బయలుదేరాను. అనపకాయల సంగతి తరవాత చూద్దామని, ముందు ఒక తోపుడుబండి దగ్గర ఆగి, "కిలో ఎర్రగడ్డలు వెయ్యప్పా" అన్నాను. పాఠకులు ఈ మాట కాస్త జ్ఞాపకం పెట్టుకోవాలి. సాయంత్రానికి దీనితో పని పడుతుంది.

బండి మీద ఉన్నది అంకెలు వెలిగే తక్కెడ. రాళ్ళు పెట్టి తూచే కాలం పోయింది కనుక తూకంలో మోసమూ పోయిందనుకునే అమాయకుల్లో నేనొకణ్ణి. తీరా చూస్తే, గడ్డలు వెయ్యకముందే అందులో ఎనభై గ్రాములు వెలుగుతున్నాయి. ఇదేమిటయ్యా అంటే, "గాలి బరువు సార్" అన్నాడతను ఏమాత్రం తొణక్కుండా. గాలిని దింపించి, అంకెను సున్నాకు తెప్పించి, మళ్ళీ తూయించాను. ఎనభై గ్రాముల ఎర్రగడ్డలకు ఏం పోతుందండీ, రెండు మూడు రూపాయలు. కాని విషయం రూపాయలది కాదనీ, న్యాయానిదనీ, తక్కెడకు తూనికలు కొలతల శాఖవారి ముద్ర ఉండాలనీ, దానికి 2009 నాటి చట్టం ఒకటి ఉందనీ నలుగురూ వినేట్టు చిన్న ఉపన్యాసం ఇచ్చాను. లెక్చరర్లకు అదొక జబ్బు. గంట కొడితే తప్ప ఆగరు.

ఆ గొంతెండిపోయిన వేళ పక్క అంగట్లో నీళ్ళసీసా అడిగాను. సీసా మీద అచ్చువేసిన ధర ఇరవై. అతను అడిగింది ఇరవై అయిదు. పన్నులన్నీ కలుపుకునే కదయ్యా ఆ ధర వేసింది, ఈ అయిదూ దేనికంటే, "చల్లబరిచినందుకు సార్. ఫ్రిజ్జు కరెంటు ఎవురిస్తారు?" అన్నాడు. అలా అయితే వేడివేడి ఇడ్లీకి గ్యాసు డబ్బులు వేరే ఇవ్వాలి కాబోలు. వినియోగదారులు ఫిర్యాదు చేసుకోవడానికి దేశమంతటికీ ఒకటే ఫోన్ నంబరు ఉంది, 1915. నాకు చటుక్కున గుర్తుండడానికి కారణం, మా మదనపల్లె బీసెంటు కళాశాల పుట్టిన సంవత్సరం కూడా అదే. ఆ నంబరు పైకి చదివాను. సీసా ఇరవైకే వచ్చింది. ఆ పూట నేను రెండు యుద్ధాలు గెలిచిన వాణ్ణి.

ఇక అనప. ఈ గింజలు అమ్మే అవ్వ ఒకామె ఉంది. నాలుగైదేళ్ళుగా నాకు వాడుక. ఆమె దగ్గర అంకెల తక్కెడా లేదు, మామూలు తక్కెడా లేదు. సొట్టలు పడిన పాత పడి ఒకటుంది. చట్టం మాట చెప్పాలంటే ఆ పడి చెల్లదు. 1956లో చట్టం చేసి, దేశమంతటా కిలోలూ లీటర్లూ పెట్టినప్పుడే వీసెలూ సేర్లూ పడులూ చట్టానికి బయట పడ్డాయి. అయితే అవ్వ ఆ చెల్లని పడితోనే గోపురం లేచేట్టు కొలిచి సంచీలో పోసి, ఆపైన గుప్పెడు కొసరు వేస్తుంది. వద్దన్నా వేస్తుంది. ఆమె దగ్గర మాత్రం నేనెన్నడూ చట్టం ప్రస్తావన తేలేదు.

కోస్తా పాఠకుల కోసం పితికిపప్పు గురించి రెండు మాటలు. అనపగింజలు రాత్రి నానవేసి, పొద్దున ఒక్కొక్క గింజనూ రెండు వేళ్ళ మధ్య పెట్టి పితకాలి. తోలు చేతిలో ఉండి పప్పు ఎగిరి ముందుకు పడుతుంది. ఇంట్లో నలుగురు కూర్చుంటే గంటకు ఒక కూరకు సరిపడా అవుతుంది. ఒక్కరే కూర్చుంటే నడుం పడిపోతుంది. అంత కష్టపడి వండిన ఆ కూరను రాగిసంగటి ముద్దకు గుంత చేసి పోసుకుని తింటే... కాగితం మీద వర్ణించడం అనవసరం. మార్గశిరం నుంచి మాఘం లోపల ఎప్పుడైనా ఇటు రండి.

సాయంత్రం ఇంట్లో పితకడం సాగుతూండగా నేను ఆ సేవ తప్పించుకుని, పరీక్ష కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. డిగ్రీ మొదటి సంవత్సరం పిల్లలకు "మా ఇంటి వంట" అని వ్యాసం ఇచ్చి ఉన్నాను. అందులో ఒక ఆడపిల్ల రాసిన కాగితం వచ్చింది. రాత్రి గింజలు నానేస్తామట. అవ్వా తనూ కూర్చుని పితుకుతారట. పప్పు ఎగిరి పిల్లి ముందర పడితే అది వాసన చూసి వెళ్ళిపోతుందట. నాన్న తెల్లవారకముందే రైలెక్కి బెంగళూరు పనికి వెళ్ళి రాత్రికి గాని తిరిగి రాడట. అందాకా సంగటి చల్లారకుండా అవ్వ దాన్ని గుడ్డలో చుట్టి పొయ్యి పక్కన పెట్టి, కూరలో ఉర్లగడ్డ ముక్కలు మాత్రం నాన్నకని ఏరి పక్కన ఉంచుతుందట. తాలింపుకు ఎర్రగడ్డ, తెల్లగడ్డ.

నా ఎర్రసిరా కలం ఏం చేసిందో చెప్పాలి. ఎర్రగడ్డ కింద గీత గీసి "ఉల్లిపాయ" అని రాసింది. తెల్లగడ్డను వెల్లుల్లి చేసింది. ఉర్లగడ్డను బంగాళాదుంప చేసింది. ఒక్కొక్క దానికీ అరమార్కు చొప్పున ఒకటిన్నర మార్కు కోసింది. పొద్దున ఎనభై గ్రాముల కోసం వీధిలో ఉపన్యాసమిచ్చిన చెయ్యే అది. ఆ ఎర్రగడ్డలను ఆ పేరుతోనే అడిగి కొన్న నోరూ నాదే. నేనేమీ గోదావరి ఒడ్డునుంచి వచ్చినవాణ్ణి కాదు, పుంగనూరు వాణ్ణి. మా ఆవుల లాగే మావూరి మాటా కురచదేమోనని ఎమ్మే చదివే రోజుల్లో ఒక బెరుకు పట్టుకుంది. ఆ బెరుకే తరవాత తరవాత నాలో పాండిత్యమై కూర్చుంది.

నెల గడిచాక "మన పండుగలు" అని ఇంకో వ్యాసం ఇచ్చాను. ఈసారి ఆ పిల్ల కాగితంలో తప్పన్నది లేదు. "మన దేశమున అనేక పండుగలు కలవు. అవి మనకు ఆనందమును కలిగించును" అని మొదలై, అదే నడకలో రెండు పుటలు సాగి, "కావున మనము పండుగలను జరుపుకొనవలెను" అని ముగిసింది. పదికి తొమ్మిది వేసి, పైన "బాగుంది" అని కూడా రాశాను. పిల్ల బాగుపడిందనే సంతోషించాను సుమండీ.

మరునాడు అవ్వ దగ్గరికి వెళితే ఆ పిల్ల అక్కడ కూర్చుని చిల్లర లెక్క చూస్తోంది. నన్ను చూడగానే లేచి ఒదిగి నిలబడింది. మనవరాలట. నాలుగైదేళ్ళుగా కొసరు తింటూ ఈ సంగతి నాకు తెలియదు.

అవ్వ పడి చేతిలోకి తీసుకుంటూనే అడిగింది: "ఏం సామీ, మా పాప ఎర్రగడ్డ అని రాస్తే మార్కులు కోసేసినావంట గదా?"

"పుస్తకంలో ఉల్లిపాయ అని ఉంటుందవ్వా" అన్నాను.

"ఆ పుస్తకం రాసినాయనది ఏవూరు సామీ?"

దెప్పిపొడవడం కాదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది. నేను జవాబు చెప్పలేదు. ఎప్పటిలాగే కొసరు వేసింది. ఆ గుప్పెడు గింజలూ సంచీలో ఎంత బరువున్నాయో ఏ తక్కెడకూ తెలియదు.

ఇంటికి వచ్చి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చదివాను. మొదటిదానిలో ఒక ఇల్లుంది, పిల్లి ఉంది, రాత్రి రైలు కోసం కనిపెట్టుకున్న ముసలిది ఉంది. రెండోదానిలో ఎవరూ లేరు. ఇంట్లో ఎవరూ లేని కాగితానికి నేను తొమ్మిది వేశాను.

పైగా నా బీరువాలో ఏమున్నాయో కూడా చెప్పుకోవాలి. 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వేసిన భద్రిరాజు కృష్ణమూర్తిగారి మాండలిక వృత్తి పదకోశం, వ్యవసాయ పదాల సంపుటం ఉంది. రైతుల నోట ఉన్న మాటను నిఘంటువుకెక్కించిన మహాకార్యం అని దాన్ని గురించి ఏటా క్లాసులో చెబుతాను. మా చిత్తూరు జిల్లా పల్లెమాటతో నామిని సుబ్రహ్మణ్యం నాయుడు రాసిన "పచ్చనాకు సాక్షిగా" ఉంది. ఆగస్టు 29 వస్తే గిడుగు రామమూర్తిగారి పటానికి దండ వేసి, పలికే భాషే రాసే భాష కావాలని ఆయన పడిన పాట్లు వల్లించేది కాలేజీలో నేనే. దండ వేసేటప్పుడు చేతిలో ఎర్రసిరా కలం ఉండదు కనుక ఇబ్బంది లేకపోయింది.

పోనీ, బంగాళాదుంప అన్న మాట ఏమన్నా ఆకాశం నుంచి ఊడిపడిందా? ఆ దుంప పుట్టిల్లు దక్షిణ అమెరికా. ఆ పేరు పెట్టినవాళ్ళు అది బంగాళం నుంచి వచ్చిందనుకున్నారు, మావాళ్ళు అది దొర్లుతుందని గమనించారు. పక్కనున్న అరవంలో ఉరుళై అంటే దొర్లేదే. ఇటు పోతే కృష్ణగిరి, అటు పోతే కోలారు. మూడు భాషలు కలిసే మూల మాది. అందుకే కదా ద్రావిడ భాషల కోసమని 1997లో ఒక విశ్వవిద్యాలయాన్నే తెచ్చి మావూళ్ళో పెట్టారు! తెలంగాణవాళ్ళ ఆలుగడ్డకు లేని దోషం మా ఉర్లగడ్డకు ఎక్కడినుంచి వచ్చింది?

మర్నాడు క్లాసులో ఆ పిల్ల మొదటి కాగితం నేనే పైకి చదివాను. పిల్లి దగ్గర అందరూ నవ్వారు, రైలు దగ్గర ఎవరూ నవ్వలేదు. ఆ బెంచీల మీద బెంగళూరు రైలెక్కే నాన్నలు గలవాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు. కోసిన ఒకటిన్నర మార్కూ తిరిగి వేశానని చెప్పి, రెండో వ్యాసం మళ్ళీ రాయమన్నాను. మీ ఇంట్లో పండుగ ఎలా జరుగుతుందో అలాగే రాయమన్నాను.

పిల్ల కూర్చోలేదు. "మరి పెద్ద పరీక్షలో ఏం రాయాలి సార్?"

అదీ అసలు చిక్కు. యూనివర్సిటీ పరీక్ష కాగితం ఎవరి బల్ల మీదికి పోతుందో నాకు తెలియదు. మొన్న మొన్నటిదాకా నావంటివాడే అక్కడ కూర్చుని ఉంటాడు. ఎర్రగడ్డ అనే రాయమ్మా అని ధైర్యం చెబుదామంటే, పోయే మార్కు నాది కాదు. ఉల్లిపాయ అని రాయమందామంటే నోరు రాలేదు.

"అవి దిద్దే సారుది ఏవూరు సార్?" అంది.

తెలియదన్నాను. నోటుపుస్తకంలో ఎర్రగడ్డ అని రాసుకుని, దాని పక్కన ఉల్లిపాయ అని కూడా రాసుకుని కూర్చుంది.