పట్నంలో కులమెక్కడిది?

పట్నంలో కులమెక్కడిదనే పెద్దమనుషులారా! మా ఇంటిపేరు పెట్టుకొని వెస్ట్ మారేడుపల్లి చెట్ల నీడన ఒక ఫ్లాటు బేరమాడి చూడుండ్రి.

నేను సర్కారు బడి పంతుల్ని. మా వంశంలో డిగ్రీ చూసింది నేనే. బ్యాంకు నా జీతం చూసి లోనిస్తనన్నది. ఓనరు పైసల మాటే ఎత్తలే. ‘మీరేమోళ్లు?’ అన్నడు. మాదిగోళ్లమన్న. మర్నాటికి ఫ్లాటు ‘అమ్ముడుపోయింది’. బోర్డు మాత్రం నెలైనా గేటుకే ఉన్నది.

1917లో, అమెరికాలో చదివొచ్చిన అంబేద్కర్‌ను బరోడా పార్సీ సత్రం నుంచి కర్రలు పట్టుకొచ్చి వెళ్లగొట్టిండ్రు. ఇప్పుడు కర్రలక్కర్లేదు, ఒక్క అబద్ధం చాలు.

1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం 4వ సెక్షన్ ప్రకారం, అంటరానితనంతో ఇల్లు కొననీయకపోవడం, ఉండనీయకపోవడం నేరం. అడ్డుకున్నట్టు తేలితే, అది అంటరానితనం వల్ల కాదని రుజువు చేసుకోవాల్సింది వాళ్లేనని 12వ సెక్షన్ చెప్తున్నది.

అందుకే తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, అవమానాన్ని కడుపులో దాచుకోకుండ్రి. ఏ తారీకున ఎవరేమడిగిండ్రు, ఏమని కాదన్నరు, అన్నీ రాసి పెట్టుండ్రి. రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఈసీ తీయుండ్రి. ఆ ఇల్లు నిజంగా ఏ రోజు చేతులు మారిందో తెలుస్తది. ఆ కాయితాలు పట్టుకొని అందరం కలిసి ఠాణాకు పోదాం.