పుట్టినరోజు ఇంట్లోనే, తొలి విహారం ఊళ్లోనే

సికింద్రాబాద్‌లో పిల్లవాడి పుట్టినరోజు ఒక తరం కిందటి దాకా ఇంటి పండుగ. పొద్దున్నే తలంటు, కొత్త బట్టలు, ఉజ్జయిని మహంకాళి గుడిలోనో వీధి చివరి గుడిలోనో అర్చన, మధ్యాహ్నం సేమ్యా పాయసం, సాయంత్రం బేకరీ కేకు, చుట్టుపక్కల పిల్లలు. ఇప్పుడు అదే పండుగ చాలా కుటుంబాల్లో గడప దాటి పార్టీ హాలుకు చేరింది. హాలుకో థీమ్, థీమ్‌కో బ్యాక్‌డ్రాప్, మైకు పట్టుకున్న యాంకర్, ఫొటోగ్రాఫర్, వచ్చినవాళ్లకు రిటర్న్ గిఫ్ట్. మొదటి పుట్టినరోజైతే చిన్నపాటి పెళ్లే. లైట్లకు బెదిరి, కుట్టుపని షేర్వానీ గుచ్చుకుని ఏడ్చి ఏడ్చి, కేకు కోసే వేళకు ఏడాది పిల్లవాడు అమ్మ భుజం మీద నిద్రపోతాడు. ఫొటోలకని లేపుతారు.

విహారయాత్రల సంగతీ అంతే. పక్క ఫ్లాటువాళ్లు సింగపూర్ వెళ్లొచ్చారని, తోడల్లుడి పిల్లలు దుబాయ్ చూశారని, వాయిదాల మీద డబ్బు తెచ్చి మరీ మూడేళ్లవాణ్ణి విమానం ఎక్కిస్తున్నారు. ఊళ్లో ఉన్న తాతగారింటికి మాత్రం నెలకోసారి తీసుకెళ్లడానికి తీరిక దొరకదు.

ఈ కరపత్రం కోరేది రెండు మార్పులు. పదేళ్లలోపు మగపిల్లల పుట్టినరోజులు ఇంట్లో, వాళ్ల చేతుల మీదుగా జరగాలి. విహారాలు ఊరితో మొదలుకావాలి, విమానం ఆ తర్వాతి మాట.

మగపిల్లలనే ఎందుకు అనడానికి కారణం ఉంది. ఆడపిల్లకు ఇంటిపని ఎవరూ అడగకుండానే అంటగడుతున్నారు. మగపిల్లాడు వంటింట్లోకి వస్తే "నీకిక్కడ ఏం పని, పో ఆడుకో" అని తరిమేది సాధారణంగా ప్రేమగల నాయనమ్మే. ఆ ప్రేమ ఫలితం లెక్కల్లో కనబడుతోంది. కేంద్ర గణాంక శాఖ 2019లో దేశమంతా చేసిన కాలవినియోగ సర్వేలో, ఆరేళ్లు దాటిన స్త్రీలలో 81.2 శాతం మంది జీతం లేని ఇంటిపని చేస్తుంటే, పురుషుల్లో చేసేవారు 26.1 శాతమే. పెళ్లయ్యాక మారతాడని ఎదురుచూడటం కంటే ఆరేళ్లప్పుడే చేతికి జల్లెడ ఇవ్వడం తేలిక. పుట్టినరోజు కంటే మంచి అదను దొరకదు, ఎందుకంటే ఆ రోజు పని వాడిదే, పేరూ వాడిదే.

కేకుతో మొదలుపెట్టవచ్చు. ఓవెన్ లేని ఇంట్లో ప్రెషర్ కుక్కర్ చాలు. మూత నుంచి రబ్బరు గాస్కెట్, విజిల్ రెండూ తీసేయాలి. అడుగున దొడ్డుప్పు పరిచి, దానిమీద స్టాండు పెట్టి, నీళ్లు పోయకుండా పది నిమిషాలు కాచాలి. ఈలోగా పిల్లవాడు మైదా, వంటసోడా కలిపి జల్లిస్తాడు, పెరుగూ చక్కెరా గిలక్కొడతాడు, గిన్నెకు నెయ్యి రాస్తాడు. నెయ్యి చొక్కాకూ రాసుకుంటాడు, పర్వాలేదు. ఎనిమిదేళ్లవాడైతే కొలతలు వాడే చూసుకుంటాడు, అది లెక్కల పాఠం కూడా. పొయ్యి దగ్గర పని మాత్రం పెద్దలదే. సన్నని మంట మీద సుమారు ముప్పావు గంటకు పుల్ల గుచ్చి చూస్తే పిండి అంటకూడదు. ఇలా చేసిన కేకు ఒక్కోసారి మధ్యలో కుంగుతుంది. కుంగినచోట జెమ్స్ బిళ్లలు నింపితే పిల్లలకు ఆ ముక్కే కావాలి.

అలంకరణకు జనరల్ బజార్‌లో రంగు కాగితాలు, మోండా మార్కెట్‌లో బంతిపూలు, మామిడాకులు దొరుకుతాయి. కాగితపు గొలుసులు అతికించడం నాలుగేళ్లవాడికి కూడా వచ్చే పని. ముందురోజు సాయంత్రం టీవీ కట్టేయించడానికి దీన్ని మించిన ఉపాయం లేదు. పులిహోర, గారెలు, సమోసాలు ఉంటే తిండి నిండినట్టే. పిలిచే పిల్లలు ఎనిమిది పదిమంది దాటకూడదు. దాటితే ఇల్లు చాలదు, అమ్మ ఓపికా చాలదు. ఏడు పెంకులాట, దాగుడుమూతలు, చీటీల మీద రాజు, రాణి, దొంగ, పోలీసు రాసి పంచే ఆట, ఇవన్నీ యాంకర్ లేకుండా నడిచేవే. మేడ మీద ఆడించేటప్పుడు పిట్టగోడ దగ్గర ఒక పెద్దమనిషి నిలబడి ఉండాలి. ఎనిమిదేళ్లలోపు పిల్లలు బుడగలను ఊదకూడదు, పగిలిన ముక్కలను వెంటనే ఏరేయాలి, గొంతుకు అడ్డంపడితే ప్రాణాపాయం. హైడ్రోజన్ నింపిన బుడగలు, మండే వాయువుతో పనిచేసే ఫోమ్ స్ప్రే కొవ్వొత్తులున్న గదిలోకే రాకూడదు. పిల్లవాడి ముఖం మీద స్ప్రే కొట్టి నవ్వుకునే అలవాటు ఎక్కడ మొదలైందో గానీ, మానాల్సినవాటిలో మొదటిది అదే.

చట్టం కూడా ఇంటి పండుగ పక్షానే ఉంది. 2022 జూలై 1 నుంచి దేశంలో నిషేధించిన ఒకసారి వాడిపారేసే ప్లాస్టిక్ వస్తువుల్లో బుడగలకు తగిలించే ప్లాస్టిక్ పుల్లలు, అలంకరణకు వాడే థర్మోకోల్, ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు ఉన్నాయి. పదిమంది పిల్లలకు ఇంట్లో స్టీలు పళ్లాలు చాలకపోతే పక్కింటి నుంచి తెచ్చుకోవచ్చు. రిటర్న్ గిఫ్ట్ పూర్తిగా ఆపేయడమే మేలు. దానికి బదులు తులసి మొక్క పంచాలని కొందరు అంటారు. ఉద్దేశం మంచిదే, కానీ ఆరేళ్లవాడి చేతిలో అది ఇల్లు చేరేలోపే వాడిపోతుంది. గుప్పెడు గోళీలిస్తే సంతోషంగా వెళ్తాడు.

ఇక విహారం. 1806లో కంటోన్మెంటుగా వెలసిన ఈ ఊళ్లో మగపిల్లలకు మొదటి వింత రైలే. 1874 నుంచి రైళ్లు చూస్తున్న స్టేషన్, 1966లో ఏర్పడిన దక్షిణ మధ్య రైల్వే ప్రధాన కార్యాలయం ఇక్కడే ఉన్నాయి. ఎంఎంటీఎస్ ఎక్కించి, సీతాఫల్‌మండి, ఆర్ట్స్ కాలేజీ, జామై ఉస్మానియా, విద్యానగర్, కాచిగూడ అని వచ్చే స్టేషన్లను పిల్లవాడి చేత రాయిస్తే ఫలక్‌నుమా చేరేసరికి ఒక పటం తయారవుతుంది. అక్కడి నుంచి ఆటోలో నెహ్రూ జంతు ప్రదర్శనశాలకు వెళ్లవచ్చు. అది 1963లో తెరిచిన 380 ఎకరాల తోట, సోమవారం సెలవు. సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టడానికి బొమ్మ మనిషి బయటికొచ్చే గడియారం ముందు పిల్లలు నోరు మూసుకుని కూర్చుంటారు, ఇంకెక్కడా కూర్చోరు. దానికి శుక్రవారం సెలవు. కాస్త పెద్ద పిల్లలకు బేగంపేటలో రోనాల్డ్ రాస్ పరిశోధన జరిపిన భవనం చూపాలి. మలేరియా పరాన్నజీవిని ఆయన దోమ కడుపులో కనుక్కున్నది 1897 ఆగస్టు 20న, ఈ సికింద్రాబాద్‌లోనే. దానికి 1902లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఊరి తర్వాత రాత్రి రైలు. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో విశాఖపట్నం వెళ్తే, రామకృష్ణా బీచ్‌లో 2002 నుంచి మ్యూజియంగా ఉన్న కురుసుర జలాంతర్గామిలో దూరి నడవవచ్చు. అయిదేళ్లలోపు పిల్లలకు రైల్లో టికెట్ అక్కర్లేదు. అయిదు నుంచి పన్నెండేళ్లవాళ్లకు బెర్తు కావాలంటే పూర్తి టికెట్టే. తన సంచి తాను సర్దుకోవడం, నీళ్ల సీసా పారేసుకోకుండా చూసుకోవడం, తోటి ప్రయాణికులకు చోటివ్వడం ఇక్కడ నేర్చినవాడు విమానంలో ఎవరికీ బరువు కాడు.

విదేశయాత్ర తప్పని ఎవరూ అనరు. అక్కడ పని చేస్తున్న పిన్నినో మామయ్యనో చూడటానికి వెళ్లేవాళ్లకు అది బంధుత్వం నిలబెట్టుకునే ప్రయాణం. కానీ పిల్లవాడి శరీరం ఒప్పుకోవాలి. సింగపూర్ గడియారం రెండున్నర గంటలు ముందుంటుంది. ఇక్కడ తొమ్మిదికి పడుకునేవాడికి అక్కడ నిద్ర వచ్చేది పదకొండున్నరకు, పొద్దున టూర్ బస్సు మాత్రం ఆగదు. తెలంగాణ బడులకు వేసవి సెలవులిచ్చే మే నెలలో దుబాయ్ ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. థీమ్ పార్కుల్లో చాలా రైడ్లకు ఎత్తు కొలిచి, చాలకపోతే పక్కకు పంపేస్తారు. ఆ కొలబద్ద కింద నిలబడి ఏడ్చే నాలుగేళ్లవాడికి రెండేళ్ల తర్వాత అదే టికెట్ కొంటే డబ్బుకు అర్థం ఉంటుంది. పాస్‌పోర్టు విషయంలోనూ తొందర నష్టమే. పిల్లల పాస్‌పోర్టు చెల్లేది అయిదేళ్లే, చాలా దేశాలు ఇంకా ఆర్నెల్ల గడువు ఉండాలంటాయి. 2023 అక్టోబరు 1న లేదా ఆ తర్వాత పుట్టినవాళ్లకు పుట్టినతేదీ రుజువుగా జనన ధ్రువపత్రం ఒక్కటే చెల్లుతుంది కాబట్టి దాన్ని మాత్రం ముందే తీసి పెట్టుకోవాలి. పిల్లవాడు చూసిందాన్ని గుర్తుపెట్టుకుని తిరిగి చెప్పగల వయసు, అంటే ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా ఆగితే ఖర్చు నిజంగా వాడి కోసమే అవుతుంది.

ఇది ఒక్క ఇంటితో అయ్యే పని కాదు. పక్కింటివాడు హాలు తీసుకుంటే ఈ ఇంటివాడికి చిన్నతనం అనిపిస్తుంది, అందుకే నలుగురూ కలిసి మానాలి. అపార్ట్‌మెంట్ సంఘాలు ఆదివారం సాయంత్రాలు మేడనో కమ్యూనిటీ హాలునో పిల్లల పుట్టినరోజులకు అద్దె లేకుండా ఇవ్వాలి. బడులు తరగతిలో ఖరీదైన కానుకలు పంచడాన్ని ఆపి, చాక్లెట్‌తో సరిపెట్టాలి. నాయనమ్మలు, అమ్మమ్మలు మనవణ్ణి వంటింట్లోంచి తరమకుండా పక్కన పీట వేయాలి. తండ్రులు ఆ రోజు ఫోన్‌లో వీడియో తీయడం మాని పళ్లాలు కడగాలి. ఈ కాగితం అందుకున్న ప్రతి కుటుంబం తమ సంఘం రాబోయే సమావేశంలో ఈ విషయం ఎత్తి, తమ ఇంట్లో వచ్చే పుట్టినరోజుతోనే మొదలుపెట్టాలని మనవి.