దులీకి కథ ఏదీ?

సినిమాలో శృంగార దృశ్యం కథకు అవసరమా అని చర్చిస్తుంటారు. ఎవరి కథకు అన్నది నా ప్రశ్న.

బస్తర్ మురియాల ఘోటుల్‌లో పెళ్లికాని యువతీయువకులు ఆటపాటలతోపాటు పనీ, కట్టుబాట్లూ నేర్చుకునేవారు. 1947లో వెరియర్ ఎల్విన్ రాసిన పుస్తకంలో అవన్నీ ఉన్నాయి. బయటివాళ్ల కుతూహలం మాత్రం పడక దగ్గరే ఆగింది.

సవర్ణ కెమెరాదీ అదే చూపు. సత్యజిత్ రే 'అరణ్యేర్ దిన్ రాత్రి' (1970)లో సిమీ గరేవాల్‌కు నల్లరంగు పూసి సంథాల్ దులీని చేశారు. అడవిలో ఆమెతో గడిపిన ఘడియ కలకత్తా యువకుడి కథకు పనికొచ్చింది. దులీకి కథే లేదు. (రే అభిమానులు కోప్పడతారు, తెలుసు.)

మళ్లీ బస్తర్‌కు వస్తే, ఛత్తీస్‌గఢ్ పోలీసుల చేతిలో 16 మంది మహిళలు అత్యాచారం, లైంగిక, శారీరక దాడులకు గురైనట్టు జాతీయ మానవ హక్కుల కమిషన్ 2017 జనవరిలో ప్రాథమికంగా నిర్ధారించింది. బీజాపూర్ మహిళలు దోచుకుపోయిన కోళ్ల గురించీ, బియ్యం గురించీ కూడా చెప్పారు. రేపెవరైనా సినిమా తీస్తే అందులో ఆ కోళ్లు ఉంటాయా?